దుమ్ము పడని రంగు

మా ఆయన దేవరాజుకు గాలి సోకిందని మా అత్త రుక్కమ్మ అంటుంది. ఆడది తగిలిందని నేనన్నాను. ఆయన మారిపోయాడన్న దాంట్లో మాత్రం ఇద్దరికీ తేడా లేదు.

గద్వాలలో ట్రాక్టర్ ట్రాలీలకు రంగు కొట్టే షెడ్డు ఆయనది. పదిమందిని కూర్చోబెట్టి నవ్వించే మనిషి. ఏడాదిగా ఇంటికి రాగానే తలనొప్పి, ఉత్తపుణ్యానికి కోపం. "కావ్య బడి నుంచి వచ్చిందా?" అని అడిగేవాడు. వచ్చింది, ఎదురుగానే రాసుకుంటోంది అనేదాన్ని. బువ్వ తింటూ మళ్లీ అడిగేవాడు. చేయి కడిగాక మూడోసారి. పిల్ల బిక్కమొహం వేసేది. షెడ్డు మూసే ఆదివారం సాయంత్రానికి మాత్రం మళ్లీ మనిషయ్యేవాడు. అంటే షెడ్డులోనే ఏదో ఉందన్నమాట. నాకా మాత్రం తెలివి లేదా?

ఒకరోజు ఆయన చాయ్‌కి వెళ్లిన సమయం చూసి షెడ్డులో దూరి, ట్రాలీ వెనక నక్కాను. చేతిలో బెల్లం పొట్లం. బుగ్గన బెల్లముంటే, రంగును పలచన చేసే థిన్నర్ ఘాటు తలకెక్కదని పెయింటర్ల నమ్మకం, రోజూ కొట్టి కట్టిచ్చేది నేనే. ఆయన వచ్చి షట్టర్ కిందికంటా దించాడు. తడి రంగు మీద దుమ్ము పడితే ఆయనకు పరువు పోయినట్లే. ముక్కుకు తువ్వాల చుట్టి, రంగులో థిన్నర్ కలిపి కొట్టడం మొదలుపెట్టాడు. ఆడదీ లేదు, గాడిదగుడ్డూ లేదు.

అరగంటకు నాకు ఊరికే నవ్వొచ్చింది. చెప్పొద్దూ, హాయిగానే ఉంది. లేచి నిలబడితే షెడ్డు ఊగింది. నన్ను చూసి ఆయన ఎందుకొచ్చావని కూడా అడగలేదు.

"కావ్య బడి నుంచి వచ్చిందా?" అన్నాడు. అప్పుడు టైము పగలు పన్నెండు.

"ఏ కావ్య?" అన్నాను నేను.

ట్రాలీ గల రైతు కురుమూర్తి పని చూసుకుందామని వచ్చి షట్టర్ ఎత్తేసరికి ఆలుమగలం నేలమీద కూర్చొని నవ్వుతున్నాం. "పట్టపగలే తాగిండ్రా ఇద్దరు?" అన్నాడు. గాలి తగలగానే నేను అతని చెప్పుల మీదే కక్కాను. మంచివాడు, ఆ చెప్పులతోనే ఇద్దరినీ ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ అంతా విన్నది. "థిన్నర్ ఆవిరి ఒక్కపూట పీలిస్తే తాగినట్టుంటది. ఏండ్లకేండ్లు పీలిస్తే మతిమరుపు, కోపం, చేతుల వణుకు" అంది.

"రోజూ బెల్లం తింటడు మేడం" అన్నాను గొప్పగా.

"బెల్లం పొయ్యేది కడుపులకు, థిన్నర్ పొయ్యేది మెదడుకు. రెండు యాడ కలుస్తయమ్మా?"

ఇన్నేళ్లుగా బెల్లం కొట్టిన నా చేతులు చూసుకున్నాను. "పోయిన మతి మళ్లొస్తదా?" అని అడిగాను.

"పీల్చుడు మానితే చానామందికి మెల్లగ తిరిగొస్తది. ఈయనకు ఎంతొస్తదో ఇప్పుడే చెప్పలేను."

ఇంటికొచ్చాక ఆయన మొండికేశాడు. "షట్టర్ తెరిచి కొడితే అది రంగేనా? గడ్డపెరుగు మీద ఇసుక జల్లినట్టుంటది" అన్నాడు.

"రంగు మీద దుమ్ము పడితే గీకి మళ్ల కొడ్తవు. నీ తలకాయ పాడైతే దేంతోని గీకాలె? పిల్ల ముందల కూసోనుంటే వచ్చిందా అని మూడుమాట్ల అడుగుతున్నవయ్యా" అన్నాను.

ఆయన కావ్య వైపు చూశాడు. "అడుగుతున్ననా బిడ్డా?" అన్నాడు. పిల్ల తలూపింది.

మర్నాటి నుంచి పని ఆరుబయటే, డాక్టరమ్మ రాసిచ్చిన మాస్కు పెట్టుకొని. గద్వాల గాలి ఊరుకుంటుందా? కురుమూర్తి ట్రాలీ నిండా దుమ్ము అంటుకుంది. అతను వేలితో రాసి చూసి, "గరుకుగుందేంది?" అన్నాడు.

"ఎక్కేటప్పుడు కాలు జారదు" అన్నాను. ఒకసారి చెప్పుల వంక చూసుకొని, నవ్వుకుంటూ తోలుకుపోయాడు.

మూడు నెలలకు తలనొప్పి తగ్గింది. నిన్న సాయంత్రం వచ్చి కూర్చొని అడిగాడు, కావ్య బడి నుంచి వచ్చిందా అని. వచ్చిందన్నాను. బువ్వ మధ్యలో మళ్లీ అదే అడిగాడు. నా చేతిలో గరిటె ఆగిపోయింది. కావ్య పుస్తకం మూసేసింది. చూస్తే ఆయన మీసాల కింద నవ్వుతున్నాడు.

"నీ మొకం చూద్దామని అడిగిన" అన్నాడు.

గరిటెతో ఒక్కటేశాను. కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన చేయి కడిగేదాకా నేనూ పిల్లా ఆయన నోటివంకే చూస్తూ కూర్చున్నాం. మూడోసారి అడగలేదు.