పసుపు పెట్టిన నోటీసు

మా ఆయన సంపత్‌కు కాగితమంటే భక్తి. చదవడం రాదు కదా, అందుకని మొక్కుతాడు. జగిత్యాల పక్క పల్లె నుంచి సూరత్ వచ్చి పద్దెనిమిదేళ్లుగా మరమగ్గాలు నడుపుతున్నా, సంతకం తప్ప ఒక్క అక్షరం నేర్చుకోలేదు. నేను ఇక్కడే గుజరాతీ బడిలో ఎనిమిది దాకా చదివాను. సూరత్ శివారు ఉన్‌లోని మా కిరాయి గదికి ఏ కాగితం వచ్చినా చదివేది నేనే. ఒక్కదాన్ని మాత్రం నాకు చూపించలేదు.

మొన్న పగారు పడిన రోజు ఏటీఎంలో డబ్బు రాలేదు. బ్యాంకుకు వెళ్తే, ఖాతాలో నలభై ఆరు వేలు ఉన్నాయిగానీ కోర్టు జప్తు చేసిందన్నారు. మూడేళ్ల కిందట ఈయన స్నేహితుడు పరమేశ్ అప్పు మీద టెంపో కొంటే ఈయన జామీను సంతకం పెట్టాడు. పరమేశ్ వాయిదాలు ఎగ్గొట్టి ఎటో పోయాడు. ఫైనాన్సు వాళ్లు కోర్టుకెక్కి ఈయన మీద డిక్రీ తెచ్చుకున్నారు. మిగతా బాకీకి నెలనెలా పగారులో కోసి కట్టమని మగ్గాల సేటుకు కూడా ఉత్తర్వు పోయింది.

"కోర్టోళ్లు ముందుగాల నోటీసు ఇయ్యకుంట ఉంటరా? నీకేమన్న అచ్చిందా?" అని నిలదీశాను.

 మల్లన్న పటం వెనక నుంచి ఒక కవరు తీశాడు. ఇంకా విప్పనే లేదు. నాలుగు మూలలా పసుపు, నడుమ కుంకుమ బొట్టు.

"సర్కారు ముద్ర ఉన్నది గద. కోసాడ్‌ల సర్కారు కట్టిచ్చే ఇంటికి అర్జీ పెట్టిన. గా ఇల్లే అచ్చిందనుకున్న."

"మరి నాకెందుకు సూపియ్యలే?"

"కట్టే పైసలు జమైనంక ఒక్కపారే చెప్దామని."

కోర్టు నోటీసుకు ఏడాదిన్నర అగరుబత్తి వెలిగించిన మనిషి ఈ సూరత్ మొత్తంలో ఇంకొకడు ఉండడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రాత్రి అన్నం మాత్రం పెట్టాను.

మర్నాడు కోర్టులో పేదలకు ఉచితంగా వాదించే వకీలమ్మ దగ్గరికి లాక్కెళ్లాను. ఆమె కవరు అటూ ఇటూ తిప్పి, "దీనికి పూజ కూడా చేశారా?" అని హిందీలో అడిగింది. ఈయన తల దించుకున్నాడు. ఆమె నవ్వు ఆపుకుని విషయం చెప్పింది. కూలివాడి కూలిని జప్తు చేయడానికి చట్టం ఒప్పుకోదు. మీటరు లెక్కన కూలి తీసుకుంటాడని సేటుతో రాయించుకొస్తే పగారులో కోత ఆపిస్తానంది. బ్యాంకులో దాచిన డబ్బు దక్కుతుందని మాత్రం మాటివ్వలేదు.

సేటు రాసిచ్చాడు. కోత ఆగింది. నలభై ఆరు వేలు మాత్రం పోయాయి. ఇంటికొచ్చి ఈయన గోడకు ఆనుకుని కూర్చుంటే నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. జాలేసింది.

"గా ఇంటి అర్జీ రసీదన్న ఉన్నదా, అదిగూడ మల్లన్నకే ఇచ్చినవా?" అన్నాను.

జేబులోంచి ప్లాస్టిక్ సంచి తీశాడు. మడతలు పడి చినగడానికి వచ్చిన రసీదు. చదివి ఆగిపోయాను. అర్జీదారు పేరు దగ్గర నా పేరుంది.

"పద్దెనిమిదేండ్ల సంది నిన్ను కిరాయి గదులల్లనే తిప్పిన," అన్నాడు. "ఎవరో రాసిపెట్టిండ్రు. జర సూడు సుమనా, నీ పేరు మంచిగ రాసిండ్రా?"

"మంచిగనే రాసిండ్రు," అన్నాను. 

లాటరీలో పేరొస్తేనే ఇల్లని రసీదు మీద ఉంది; ఆ లాటరీ తీసినట్టు ఇంకా ఎక్కడా వినలేదు. డబ్బు కూడబెట్టడం మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. లేచి వంట సామాను అరలోంచి పసుపు తెచ్చి, ఆ రసీదు నాలుగు మూలలా నేనే పెట్టాను.