తొట్టిలో పిలవని చుట్టం

మా ఆవిడ ఉప్పునీటి అక్వేరియంలో ఏదీ బతకదని చుట్టాలందరికీ తెలుసు. చేపల్ని వేస్తే తేలేవి, పగడాలు పెడితే కరిగిపోయేవి. అలాంటిది, అలంకారానికని తెచ్చిన ఒట్టి రాయి మీద లేత గోధుమరంగు మెత్తటి పూలగుత్తి లాంటిదొకటి తనంతట తానే మొలిచింది. ఆవిడ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "ఇది కూడా పోయిందంటే తొట్టి తీసేస్తానండీ" అని మాత్రం తెగేసి చెప్పింది.

ఫొటో చూసిన మా వదిన, అంటే ఆవిడ అక్క, సిరంజి నిండా నిమ్మరసంతో సాయంత్రానికల్లా ఊడిపడింది. ఏళ్ళ తరబడి తొట్టిలో పగడాలు పెంచుతున్న మనిషి, ఆవిడ మాటకు తిరుగులేదు.

"ఇది కుట్టే జాతే. పక్కన దేన్నీ బతకనివ్వదు. ఈ నిమ్మరసం పొడిచి చంపేద్దాం."

"పగడమైతేనో?" మా ఆవిడ తొట్టికి అడ్డంగా నిలబడింది.

"ఇలాంటి మెత్తటి పగడమైతే ఒక్కో పువ్వుకి సరిగ్గా ఎనిమిది రేకలుంటాయి, అంచులు ఈకల్లా ఉంటాయి. లెక్కపెట్టు. ఒక్కటి ఎక్కువున్నా ఊరుకోను."

నేను పళ్ళ డాక్టర్ని కాబట్టి లెక్క నా నెత్తిన పడింది. క్లినిక్‌లో వాడే భూతద్దాల కళ్ళజోడు తగిలించుకుని గాజుకు ముక్కు ఆనించాను. ఆ పువ్వులు ఊరుకుంటేగా! పసిపిల్లల పిడికిళ్ళలా తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. "ఏదీ, నోరు పెద్దగా తెరువమ్మా" అనేశాను అలవాటుగా. అక్కచెల్లెళ్ళిద్దరూ పగలబడి నవ్వారు.

"ఎన్నండీ?"

"తొమ్మిది."

నవ్వు ఆగిపోయింది. వదిన సిరంజి ఎత్తింది. మా ఆవిడ ముఖం చూసి నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఆగండి వదినా! గుండ్రంగా తిరుగుతూ లెక్కపెట్టా. ఎక్కడ మొదలెట్టానో మర్చిపోయా!"

పళ్ళనైతే నేనెప్పుడూ అలా లెక్కపెట్టను. నోటిని నాలుగు భాగాలు చేసుకుని, దేనికది విడిగా చూస్తాను. మళ్ళీ వంగాను.

"పైన కుడి, రెండు. పైన ఎడమ, రెండు. కింద ఎడమ, రెండు..."

పువ్వు టక్కున మూసుకుంది. ముగ్గురం ఊపిరి బిగబట్టాం. మెల్లగా తెరుచుకుంది.

"కింద కుడి, రెండే! అంచులకి ఈకలు కూడా!"

మా ఆవిడ గంతేసింది. నేనూ గంతేశాను, కళ్ళజోడు వెళ్ళి తొట్టిలో పడింది. వదిన సిరంజి పక్కన పెట్టి తనూ వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"పగడమే. అలా పిడికిలి ఆడిస్తుంటే ఏ రకమో కూడా తెలిసిపోయింది. అంత మురిసిపోకే, ఇది రాయి రాయికీ పాకి తొట్టంతా నిండిపోతుంది. పీకేకొద్దీ వస్తుంది. చావమన్నా చావదు!"

అక్క రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది మా ఆవిడ.

"నిజంగా చావదా అక్కా? ఒట్టెయ్యి!"