ఇంజినుకు పుత్తూరు కట్టు

పొద్దున్నే తన మెకానిక్ షెడ్డు తెరిచి, నేలమీద ఆయిలు మరకల పైన రంపపుపొట్టు చల్లి ఊడవడం హబీబాకు అలవాటు. తర్వాత బల్లమీద కట్లతో పడుకున్న సామాన్లను ఒక్కొక్కటే తడిమి చూస్తుంది. ఒక ట్రాక్టరు గేరుబాక్సు, ఒక బోరుమోటారు మూత. చిత్తూరులో ఇనుము పగిలితే మనిషి ఎముక మాదిరే పుత్తూరుకు తీసుకుపోయి కట్టు కట్టిస్తారు. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ. ఎనిమిది దినాలకు అతుక్కుంటుంది. కాకపోతే దాన్ని పగలగొట్టినవాళ్లు ఎట్ల పగిలిందో తమ నోటితో నిజం చెప్పాలి. చెప్పకపోతే ఎన్ని కట్లు కట్టినా పగులు పగులే. ఇది ఊళ్లో చంటిపిల్లకు గూడా తెలుసు.

తెలిసి గూడా ఆ ఊరు హబీబాను నానా మాటలు అనిందే, అదీ ఒళ్లు మండే సంగతి.

ధనంజయకు మామిడిగుజ్జు ఫ్యాక్టరీ ఉంది, వాళ్ల నాయన తిరిగిన పాత హెరాల్డు కారు ఉంది. హార్స్‌లీ కొండమీదికి పాతకార్ల పందెం అని తెలిసి, మద్రాసుకు పోయి సూపర్‌ఛార్జరు కొనుక్కొచ్చాడు. ఇంజిను తనంతట తాను పీల్చేది చాలదని, ఇంకా గాలిని బలవంతంగా లోపలికి తోసే యంత్రం అది.

"ఇది చిన్న ఇంజినన్నా, అరవై ఏండ్ల ముసిల్ది. గాలి ఎక్కువైతే పగుల్తాది," అని హబీబా ముందే చెప్పింది. "నేను పెద్ద పుల్లీ పెడతా. నిదానంగా తిరుగుతాది, గాలి మితంగా పోతాది. కొండెక్కేదానికి అది చాలు."

"నువ్వెట్ల చెప్తే అట్లనే హబీబమ్మా," అన్నాడు ధనంజయ. ఆ నోటితోనే అన్నాడు.

నెల దినాలు కష్టపడింది. బిగించే పట్టీ తనే కోసింది, పుల్లీ తనే లేత్‌మీద చెక్కింది, బెల్టు వెంట్రుకవాసి వంకర లేకుండా నిలబెట్టింది. ఆ షెడ్డు పెట్టిన వాళ్లబ్బా ఖాజా మొహిద్దీన్ బతికుంటే, వంక పెట్టేదానికి చోటు దొరక్క సణిగేవాడు. కారు కాణిపాకం రోడ్డులో రొప్పకుండా పరిగెత్తింది.

నాలుగు దినాల తర్వాత అదే కారు తాడు కట్టించుకోని వచ్చింది. ఇంజిను పక్కభాగాన జానెడు పగులు. సూపర్‌ఛార్జరుకు పుల్లీ లేదు.

"యాడికి పోయింది పుల్లీ?"

"నన్నడిగితే? నువ్వు బిగించిందే, ఊడిపోయినట్టుండాది," అన్నాడు, గోడమీది క్యాలెండరును చూస్తా.

హబీబాకు అర్థమైపోయింది. వేగం చాలక చిన్న పుల్లీ వేయించినాడు. పగిలినాక పీకి పారేసినాడు. అంతటితో ఊరుకున్నాడా? ఎదురుగా యోగానంద టీకొట్లో నిలబడి, వీధంతా వినేటట్టు, "ఆడమనిషి చేతికి ఇంజినిచ్చినా సూడు, నన్ననుకోవల్ల," అన్నాడు.

ఇంజినును ఆటోలో వేసుకుని పుత్తూరుకు పోయారు. చెయ్యి విరిగిన ముసలామెకూ, కాలు బెణికిన పోలీసుకూ నడుమ దానికొక టోకెను. వంతు వచ్చాక కట్టు కట్టే తిరుమలయ్య అందరినీ అడిగినట్టే అడిగాడు, "ఎట్ల పగిలింది?"

"హబీబమ్మ చెప్తాది," అన్నాడు ధనంజయ.

"నేను పగలగొట్టలేదు మామా," అంది హబీబా.

తిరుమలయ్య ఇద్దరి మొహాలూ చూసి కట్టు కట్టి పంపాడు. ఎనిమిది దినాలకు విప్పితే పగులు ఎట్లుండేది అట్లే ఉంది. ఇంక చూడాలి ఊరి నోరు. పగలగొట్టింది ఆమె, ఒప్పుకోలేదు గాబట్టే అతకలేదని తేల్చేశారు. అంత తెలిసినవాళ్లకు ఇంకొక నోరు గూడా మూసుకోనే ఉందని తట్టలేదు. షెడ్డులో ఉన్న స్కూటర్లు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి.

"ఒప్పుకోరాదా అక్కా, గొడవ వదిలిపోతాది," అన్నాడు యోగానంద, మంచి చెప్తున్నట్టు.

"చెయ్యని తప్పుకు తల వంచితే రేపు నా చేత్తో నట్టు బిగించగలనా?" అంది హబీబా. ఆ టీ తాగలేదు. సూళ్లూరుపేట కంపెనీలో ఊడ్చే పనుంది రమ్మని చెల్లెలు సమీరా ఫోను చేస్తే, ఒకటో తేదీకి వస్తానంది. ఇరవై రెండేండ్లు రెంచి పట్టిన చేతులు.

రెండో కట్టు కట్టించి బల్లమీద పెట్టింది. పందెం దగ్గర పడింది. శుక్రవారం మధ్యాహ్నం ఆమె నమాజుకని ఇంటికి పోయినప్పుడు ధనంజయ వచ్చాడు. అటూ ఇటూ చూసి, కట్టుమీదికి వంగి, పెదవులు కదిలించి, చరచరా వెళ్లిపోయాడు.

ఆదివారం కట్టు విప్పితే పగులు లేదు. వేలితో రాస్తే గీత గూడా తగల్లేదు. హబీబా ఇంజినును షెడ్డు గుమ్మంలో పెట్టింది. టీకొట్లో వాళ్లు లేచి వచ్చి చూశారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. హబీబా కొత్తగా చెప్పిందేమీ లేదు. మరి చెప్పింది ఎవరో అడగాల్సిన పనే లేకపోయింది.

పదకొండింటికి ధనంజయ వచ్చాడు. "సిద్ధమేనా హబీబమ్మా? సూపర్‌ఛార్జరు గూడా బిగించేస్తే..."

"ఇంజిను చెవిలో చెప్పినావు గదన్నా," అంది హబీబా. "పగలగొట్టింది దాన్నొక్కదాన్నేనా?"

ధనంజయ వెనక్కి తిరిగి చూశాడు. వీధి నిండా మనుషులు. గొంతు సవరించుకున్నాడు. "చిన్న పుల్లీ నేనే వేయించినా. హబీబమ్మ తప్పు లేదు."

"ఇంకొంచెం గట్టిగా. టీకొట్లో చెప్పినప్పుడు ఇంత మెల్లగా చెప్పలేదు."

మళ్లీ చెప్పాడు. యోగానంద పొయ్యి తగ్గించి మరీ విన్నాడు. హబీబా సూపర్‌ఛార్జరును గోనెసంచిలో వేసి అతని చేతికిచ్చింది.

"ఇది ఇంటికి ఎత్తుకుపో. ఇంజిను బిగించి ఇస్తా. కొండ అదెట్ల ఎక్కగలిగితే అట్ల ఎక్కుతాది."

తర్వాత చెల్లెలికి ఫోను చేసింది. "నేను రావడంల్యా సమీరా. ఈడ పనుండాది."