నల్లవాటి వరుసలో సున్నా

పట్టిక వేయడం మొదలుపెట్టిన రోజే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు సరికదా, సంబరపడ్డాను.

మా అంబులెన్స్ కంట్రోల్ రూములో మూడు రకాల కంప్యూటర్లున్నాయి. వాటికి కంపెనీల పేర్లు వేరే ఉన్నా మేం రంగులతోనే పిలుస్తాం: తెల్లవి, బూడిదరంగువి, నల్లవి. మూడు రకాలూ ఎనిమిదేళ్ళుగా పక్కపక్కనే నడుస్తున్నాయి. ఇప్పుడు పాతవన్నీ తీసేసి నలభై కొత్తవి కొనాలని పైవాళ్ళు తీర్మానించారు. ఏ రకం కొనాలో తేల్చమని మా పై ఆఫీసరు మేడమ్ నా మీద పడేసింది. ఎన్నిసార్లు చెడ్డాయి, ఎన్ని గంటలు ఆగిపోయాయి, మరమ్మతులకెంత, కరెంటుకెంత, అన్నీ కలిపి పట్టిక వేయమంది. కొనేటప్పుడు చౌక అనిపించినది చివరికి ఎంతకి పడిందో తెలియాలని ఆవిడ పట్టుదల. మంచి పట్టుదలే, కాదనను.

కంప్లైంట్ల రిజిస్టరు ముందేసుకుని మూడు రోజులు కూర్చున్నాను. తెల్లవాటి మీద నూట పన్నెండు కంప్లైంట్లు. అందులో సగం మౌసు కదలట్లేదనీ, కీబోర్డు మీద టీ ఒలికిందనీ. టీ ఒలికింది ఎవరి చేతిలోంచో మాత్రం ఒక్కరూ రాయలేదు. బూడిదరంగువాటి మీద ముప్పై నాలుగు. నల్లవాటి మీద సున్నా. తొమ్మిది మెషిన్లు, ఎనిమిదేళ్ళు, ఒక్క కంప్లైంటూ లేదు. కొన్నప్పుడు వాటి ధర మిగతావాటికి దాదాపు రెట్టింపు. అయినా మొత్తం మీద అవే గిట్టుబాటని పట్టిక ఖాయం చేసేసింది.

ఆ నల్లవాటిని ఏరి కొనిపించింది మా అన్నయ్య.

అన్నయ్య ఇక్కడ మెషిన్ల బాగోగులు చూసేవాడు. పదకొండు వారాల కిందట, ఒక శుక్రవారం పొద్దున, డ్యూటీకి వస్తూ బస్టాపులో కుప్పకూలాడు. గుండెపోటు. నేను పక్క భవనంలో ఇదే పని చేసేదాన్ని. నెల తిరక్కుండా నన్ను తెచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ కుర్చీ అన్నయ్య పొడుగుకి సరిపడా లేచి ఉంది, కిందికి దింపే మీట ఎప్పుడో విరిగింది. రోజంతా అన్నయ్య కూర్చున్న ఎత్తులోంచే గదిని చూస్తున్నాను. దానికి నేను అలవాటు పడలేకపోయాను.

ఎనిమిదేళ్ళ కిందట ఆ నల్లవాటి కోసం అన్నయ్య చేసిన యుద్ధం మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. కొనుగోళ్ళు చూసే పెద్దాయన "ఏ డబ్బా అయినా ఒకటేనయ్యా, చవగ్గా వచ్చేది తీసుకుందాం" అన్నాడట. అన్నయ్య అందరి ముందూ లేచి, "ఇవి చెడితే నన్నడగండి సార్" అన్నాడట. తర్వాత ప్రతి ఏడాదీ భోజనాల దగ్గర ఆ రిజిస్టరు సంగతి తీసేవాడు. "చూశావా? ఇంకా సున్నాయే," అనేవాడు. నేను నవ్వి, "నీకు పెళ్ళిచూపుల్లో కూడా ఇంత గర్వం లేదు కదన్నయ్యా" అనేదాన్ని. వదిన నవ్వేది కాదు. ఆవిడకి ఆ మాట ఎప్పుడూ నచ్చలేదు.

అన్నయ్య పోయాక నల్లవి మొరాయించడం మొదలుపెట్టాయి.

మొదట రెండో సీటు దగ్గర తెర మసకబారింది. తర్వాత ఆరో సీటు మెషిన్ తనంతట తనే ఆగి, తనంతట తనే లేచింది. రెండూ వాటంతట అవే సర్దుకోవడంతో ఎవరూ కంప్లైంటు రాయలేదు. నాలుగో సీట్లో కూర్చునే ఆవిడని అందరూ రేడియో అక్క అంటారు, నోరు మూతపడదని. ఫోన్లో మాత్రం ఆవిడ గొంతు మంచినీళ్ళంత చల్లగా ఉంటుంది. "మీ అన్నయ్య మీద బెంగ పెట్టుకున్నాయి చెల్లెమ్మా," అంది. నాకు ఒళ్ళు మండింది. మెషిన్లకి బెంగలేమిటి? కానీ ఆవిడ మెషిన్లో ఫ్యాను తిరగడం మొదలెట్టేముందు ఒక చిన్న శబ్దం చేస్తుంది, మనిషి గొంతు సవరించుకున్నట్టు. అన్నయ్య గదిలోకి వచ్చేముందు అలాగే సవరించుకునేవాడు. ఆ శబ్దం వినపడ్డప్పుడల్లా గదిలో ఒకరిద్దరు తలుపు వైపు చూస్తారు. నేనూ చూశాను, అబద్ధమెందుకు.

ఆ మంగళవారం మధ్యాహ్నం రేడియో అక్కకి ఒక ఫోన్ వచ్చింది. అవతల ఒకాయన, వాళ్ళమ్మకి ఊపిరాడటం లేదని ఏడుస్తున్నాడు. ఆవిడ నిదానంగా అడ్రసు చెప్పించుకుంటోంది. వీధి పేరు సగం కొట్టింది. మెషిన్ టప్పున ఆగిపోయింది. తెర, ఫోను, వచ్చిన నంబరు, అన్నీ ఒక్కసారే పోయాయి. రేడియో అక్క చెవులకున్న హెడ్‌ఫోను రెండు చేతులతో పట్టుకుని "అయ్యా... అయ్యా..." అంటూనే ఉంది. నాలుగు నిమిషాలకి ఆయనే మళ్ళీ చేశాడు, పక్క సీటుకి తగిలింది. బండి వెళ్ళింది. ఆ తల్లి బతికింది. ఆయన మళ్ళీ చేశాడు కాబట్టి బతికింది. ఏడుస్తున్న మనిషికి మళ్ళీ చేయాలని తోచకపోతే ఏమయ్యేదో గదిలో అందరికీ తెలుసు.

నేను ఆ నాలుగో సీటు మెషిన్ని బల్ల మీదికి తెచ్చి మూత విప్పాను. ఎనిమిదేళ్ళలో దాన్ని ఎవరూ విప్పలేదని రిజిస్టరు చెబుతోంది. కానీ లోపల దుమ్ము లేదు. కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా కంపెనీ వేసి పంపింది కాదు, బజారులో దొరికే వేరే రకం. దాని మీద పెన్సిలుతో ఒక తేదీ. మూత లోపలి వైపు చూస్తే, ఒకదాని కింద ఒకటి ఏడు తేదీలు. ఏడంకెకి నడుం మీద అడ్డగీత పెట్టే అలవాటు మా ఇంట్లో ఒక్కడికే ఉంది.

"మీ అన్నయ్య శనివారాలు మధ్యాహ్నం వచ్చి దుమ్ము దులిపేవారుగా," అంది రేడియో అక్క. "సెలవురోజు కూడా ఈయనకి ఇదేం పిచ్చి అనుకునేవాళ్ళం."

డబ్బా మీదిదీ, మూతలో చివరిదీ ఒకటే తేదీ, అది నాకు తెలుసు. అది అన్నయ్య పోవడానికి ఆరు రోజుల ముందటి శనివారం. ఆ రోజు తనకి గుండె పరీక్ష. ఆ అపాయింట్‌మెంటు తీసుకున్నది నేనే, ఆస్పత్రిలో తెలిసినవాళ్ళని పట్టుకుని, కాళ్ళావేళ్ళా పడి. సాయంత్రం అన్నయ్య ఇంటికొచ్చి, డాక్టరు రాలేదు, వచ్చేవారం రమ్మన్నారు అని చెప్పాడు. ఆ వచ్చేవారం తనకి రాలేదు. అప్పట్నుంచీ వదిన పొద్దున లేవగానే ఆ డాక్టర్ని తిడుతుంది. ఆయనెవరో ఆవిడకి తెలియదు, ముఖం చూడలేదు. "ఆ రోజు వచ్చి చచ్చుంటే నా ఇల్లు నిలబడేది," అంటుంది. నేనూ వంత పాడాను.

డాక్టరు వచ్చే ఉంటాడు. అన్నయ్య వెళ్ళలేదు. ఇక్కడ మోకాళ్ళ మీద కూర్చుని ఈ డబ్బా మార్చాడు.

తర్వాత మూడు రోజులు డ్యూటీలు మారే సమయం చూసుకుని మిగతా ఎనిమిదీ విప్పాను. విప్పిన ప్రతి మూత వెనకా అన్నయ్య ఉన్నాడు. మూడో మెషిన్లో మా అమ్మాయి పుట్టినరోజు తేదీ. ఆ రోజు గోళ్ళనిండా మసితో ఆలస్యంగా వచ్చి, బస్సు దొరకలేదన్నాడు, నేను ముఖం మాడ్చుకున్నాను. తొమ్మిదో మెషిన్లో అన్నయ్యా వదినల పెళ్ళిరోజు. ఎనిమిదేళ్ళ శనివారాలు ఒక్కొక్కటే ఎదురొచ్చి నిలబడ్డాయి. మొత్తం అరవై ఒకటి. రిజిస్టరులో ఒక్కటీ లేదు. సామాన్లన్నీ జీతంలోంచే తెచ్చుకున్నాడు.

ఎందుకో గ్రహించడానికి నాకు పెద్దగా కష్టం కాలేదు, మా ఇద్దరిదీ ఒకటే వృత్తి కదా. నల్లవి మంచి మెషిన్లే. పొద్దున వేసి సాయంత్రం ఆపేసే ఆఫీసులకి. అన్నయ్య అలాంటి ఆఫీసుల లెక్కలు తెచ్చి చూసి కొనిపించాడు. మాది కిటికీల్లేని గది, ఇరవై నాలుగు గంటలూ మెషిన్ ఆపేది లేదు. ఆ వేడికి ఏడాది తిరక్కుండా ఒకటి పోయి ఉంటుంది. "చెడితే నన్నడగండి" అన్న మనిషి, ఎవరూ అడక్కముందే ఒక శనివారం వచ్చి గుట్టుగా బాగుచేసుకున్నాడు. మొదటిది దాచాక రెండోది దాచక తప్పదు.

నాకు అన్నయ్య మీద పట్టరాని కోపం వచ్చింది. ఎవరడిగారు నిన్ను? తప్పయింది సార్ అంటే ఉరితీస్తారా? ఆ కోపంలోనే ఏడుపూ వచ్చింది. ఎందుకంటే ఆ సున్నా నా పట్టికలోనూ ఉంది. దాన్ని అలాగే వదిలేస్తే నలభై నల్లవి వస్తాయి, అన్నయ్య పేరు నిలుస్తుంది, మరో ఊపిరాడని తల్లి ఫోను మధ్యలో తెగుతుంది. నిజం రాస్తే ఈ ఆఫీసులో అన్నయ్య అబద్ధాలకోరు. వదిన చెవిన ఆ చివరి తేదీ కూడా పడుతుంది.

ఆ శనివారం మధ్యాహ్నం నేనేం చేశానో చెబుతాను. రెండో సీటు మెషిన్ మళ్ళీ మసకబారింది. నేను బజారుకెళ్ళి నా డబ్బుతో కొత్త పవర్ సప్లై కొన్నాను. ఈ ఒక్కసారికే, పట్టిక సంగతి తర్వాత చూద్దాం, అనుకున్నాను. మోకాళ్ళ మీద కూర్చుని మార్చాను. ఎప్పుడు తీశానో తెలియదు, చేతిలో పెన్సిలుంది. ఆ మూతలో అన్నయ్య రాసిన చివరి తేదీ కింద ఆ రోజు తేదీ రాస్తున్నాను. సరిగ్గా అదే వరుసలో, అదే వాలుతో. స్విచ్చి వేశాను. ఈ ఫ్యానూ అలాగే గొంతు సవరించుకుంది.

"వచ్చారా సార్?" అంది రేడియో అక్క, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే.

తర్వాత తిరిగి చూసింది. కింద నన్ను చూసేసరికి ఆవిడ ముఖంలో రక్తం లేదు. నా ముఖంలోనూ ఉండి ఉండదు. అంతలో ఫోన్ మోగింది, ఆవిడ తీసుకుంది. నేను అక్కడే నేల మీద చాలాసేపు కూర్చున్నాను. ఇంకో ఎనిమిదేళ్ళు ప్రతి శనివారం ఇక్కడికే రావాలని ఎవరో నా చెవిలో చెప్పినట్టనిపించింది.

సోమవారం నల్లవాటి వరుసలో సున్నా కొట్టేసి అరవై రెండు మరమ్మతులని రాశాను. అరవై రెండోది నాది. ఆగిన గంటలు నాకు తెలిసినంతవరకు వేశాను, తెలియని చోట తెలియదని రాశాను. అన్నయ్య శనివారాలకి కూలి కట్టి కలిపితే అన్నిటికన్నా ఖరీదైనవి నల్లవే అని తేలింది. బూడిదరంగువి కొనమని చెప్పాను.

మేడమ్ రెండుసార్లు చదివింది. "దీనికి రుజువేది?"

"మూతలు విప్పి చూడొచ్చు మేడమ్."

"ఇది కమిటీకి వెళ్తుంది. అందరూ చదువుతారు. మీ అన్నగారి పేరు..." ఆవిడ ఆగింది. "చాలా మంచి మనిషమ్మా."

"మంచి మనిషి కాబట్టే మేడమ్. చెడ్డవాడైతే మొదటి నెలలోనే కంప్లైంటు రాసి చేతులు దులుపుకునేవాడు."

ఆవిడ సంతకం పెట్టి కాయితాలు పక్కన పెట్టింది.

ఇంకొకరి నోటంట వినకూడదని సాయంత్రం తిన్నగా వదిన దగ్గరికి వెళ్ళాను. ఆరిన బట్టలు మడతపెడుతోంది. అన్నయ్య చొక్కాలు ఇప్పటికీ ఉతుకుతోంది, ఎందుకని ఎవరూ అడగడం లేదు. పక్కన కూర్చుని నేనూ ఒక దుప్పటి కొస పట్టుకుని మొత్తం చెప్పాను. రిజిస్టరు, పెన్సిలు తేదీలు, చివరి శనివారం. చెబుతున్నంతసేపూ ఆవిడ మడతలు ఆపలేదు.

"అయితే డాక్టరు వచ్చాడన్నమాట," అంది చివరికి.

"వచ్చుంటాడు వదినా."

"పాపం, పదకొండు వారాలు తిట్టాను."

ఇంకో చొక్కా తీసి ఒళ్ళో పెట్టుకుంది, మడతపెట్టలేదు. "నాతో ఒక్క ముక్క చెబితే ఏం పోయేది అమ్మడూ? నేనూ వచ్చి పక్కన కూర్చునేదాన్ని. టార్చిలైటు పట్టుకునేదాన్ని. ఆ రోజు మాత్రం చెయ్యి పట్టి ఈడ్చుకుపోయేదాన్ని."

ఆవిడ చొక్కా కాలరు మీద వేలు అటూ ఇటూ నడిపింది. తర్వాత నావైపు తిరిగింది. మా ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఆవిడ నన్నేదీ అంత ఆశగా అడగలేదు.

"ఆ రోజు మార్చాడే, ఆ మెషిన్. అదైనా బాగా నడుస్తోందా?"

నాలుగో సీటు దగ్గర రేడియో అక్క రెండు చేతులతో హెడ్‌ఫోను పట్టుకుని ఉండటం నాకు కళ్ళ ముందు కనపడింది.

"నడుస్తోంది వదినా," అన్నాను. "ఒక్కసారి కూడా ఆగలేదు."