వేడెక్కిన లాప్‌టాప్

మూసి పెట్టి వెళ్లిన లాప్‌టాప్, గిన్నెలు తోమి వచ్చేసరికి వేడిగా ఉంది. చేతి తడి తుడుచుకుని మళ్లీ ముట్టుకున్నాను. వేడే. సోఫాలో మా ఆయన ఫోన్‌లోంచి తలెత్తలేదు. తనదీ ఆఫీసులో నా టీమే. "ఇది తీశారా?" అంటే, "మనలో మనకి తాళాలేంటి?" అని నవ్వాడు. "మొగుడు చూడకూడనివి ఏముంటాయమ్మా అందులో?" అంది అత్తగారు పక్కగదిలోంచి. పెళ్లైన కొత్తలో నా పాస్‌వర్డ్ అడిగితే ప్రేమనుకుని మురిసిపోయాను.

మేం ఆసుపత్రిలో మంచాలు కేటాయించే ప్రోగ్రాం రాస్తున్నాం. యాక్టర్ పద్ధతిలో రాద్దామన్నది నేనే. ఒక్కో వార్డు ఒక్కో యాక్టర్, అంటే ప్రోగ్రాంలో తన పని తనే చూసుకునే ముక్క. దాని మంచాల లెక్క దాని దగ్గరే ఉంటుంది, బయటివాళ్లు ముట్టుకోకూడదు. కావలసింది సందేశంగా దాని పెట్టెలో వేస్తే, వరసగా ఒక్కోటే తీసి జవాబిస్తుంది. ఎంతమంది ఒక్కసారి ఎగబడ్డా గందరగోళం ఉండదు. మేం ప్రోగ్రాం రాసే భాష కూడా గట్టిది. దేన్ని ముట్టుకోబోయినా, రాసినదాన్ని సరిచూసే కంపైలర్ ముందు ఇది ఎవరిదని అడుగుతుంది. నా బతుకులో ఆ మాట అడిగేది అదొక్కటే. మా ఆయనకి మాత్రం ఈ పద్ధతి మొదట్నుంచీ గిట్టదు. "అడిగి ఎదురుచూడ్డమేంటి, నేరుగా చెయ్యిపెట్టి తీసుకుంటే పోయేదానికి!" అంటాడు. నా హ్యాండ్‌బ్యాగు విషయంలోనూ తనది అదే వరస.

మర్నాడు టెస్టింగ్‌లో ఒకే మంచం ఇద్దరు రోగులకి వెళ్లింది. మేనేజరు అందర్నీ కూర్చోబెట్టాడు. "ఇంటిపనితో అలసిపోతున్నట్టున్నావమ్మా. ఇది మీ ఆయనకి అప్పగించేద్దామా?" అన్నాడు జాలిగా. "నేను చూసుకుంటాను సార్," అన్నాడు మా ఆయన, నా వైపు చూడకుండా. ఆ తొందర చూశాక నా అనుమానం గట్టిపడింది.

అక్కడే కూర్చుని నిన్నటి మార్పులు తెరిచాను. పెట్టెతో పనిలేకుండా వార్డు లెక్కలోకి ఒక దొడ్డిదారి ఉంది. కంపైలర్ నోరు మూయించడానికి దాని చుట్టూ 'అన్‌సేఫ్' అని రాసి ఉంది. పైన నా పేరు, పక్కన నేను సింకు దగ్గర ఉన్న సమయం. ఒళ్లు మండిపోయింది. ఊరుకుంటే తప్పు నాదవుతుంది, నేను కట్టుకున్న పని తనదవుతుంది.

"ఇది నేను రాయలేదు సార్. నిన్న నేను గిన్నెలు తోముతుంటే, మా ఆయన నా లాప్‌టాప్ తీసి రాశారు."

మేనేజరు కుర్చీ నా లాప్‌టాప్ వైపు జరుపుకున్నాడు.

"ఇంటి విషయం ఇక్కడెందుకు?" అన్నాడు మా ఆయన పళ్లు బిగించి, నాకొక్కదానికే వినపడేలా.

"మీరే తెచ్చారు," అన్నాను, అందరికీ వినపడేలా.