అరవై మూడోది

గబ్బిలం కర్టెన్ వెనక గోడను కరుచుకుని ఉంది. ఆవిడ రేకు డబ్బాను దానిమీద బోర్లించి, డబ్బాకూ గోడకూ మధ్య అట్టముక్కను అంగుళం అంగుళంగా జరిపింది. లోపల గోళ్ళు గరగరా గీరుకున్నాయి.

"నోరు ముయ్," అంది డబ్బాతో.

గుమ్మంలో చిన్నకోడలు నెలల బిడ్డను ఎత్తుకుని, తలమీద తువ్వాలు కప్పుకుని నిలబడి ఉంది. "పోయిందా?"

"ఎక్కడికి పోతుంది? ఇందులో ఉంది. చూస్తావా?"

చిన్నకోడలు రెండడుగులు వెనక్కి వేసింది.

ఇళ్ళలో దూరిన గబ్బిలాలను బయటికి పంపడం ఆవిడ ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పని. ముప్పై ఏళ్ళుగా వాటిని అసహ్యించుకుంటూనే ఉంది. ఆ నలిగిన మొహం, సూదుల్లాంటి ఆ పళ్ళు, పాత గొడుగు బట్టలాంటి ఆ రెక్కలు, నాలుగుసార్లు ఉతికితే గానీ చీరను వదలని ఆ కంపు. వాటిని పట్టేది ఆవిడ కాబట్టి జనం ఆవిడను గబ్బిలాలావిడ అంటారు. అవి దూరే కన్నాలు పూడ్చే మొగుణ్ణి మాత్రం మేస్త్రి అంటారు. ఆ తేడా తలుచుకున్నప్పుడల్లా ఆవిడకు ఒళ్ళు మండుతుంది.

అన్నదమ్ములు పంచుకున్న ఇల్లది. నట్టింటి మధ్య నుంచి పెరటి చివరిదాకా గోడ కట్టుకున్నారు. కానీ అటక మధ్యలో గోడ కట్టడం మర్చిపోయారు. గబ్బిలాలు ఆ అటక మీద కాపురం పెట్టి, రెండు వైపులా చూరు కింద ఉన్న సందుల్లోంచి వచ్చిపోతున్నాయి. కింది గదుల్లోకి జారిపడుతున్నాయి. నాలుగు రోజుల కిందట ఒకటి ఉయ్యాలలో, బిడ్డ పాదాల పక్కన పడింది.

గోడ అవతల నుంచి పెద్దకోడలి గొంతు లేచింది. "దొరికిందా మీ గబ్బిలం?"

"మా గబ్బిలమేంటక్కా?" చిన్నకోడలు గోడవైపు తిరిగింది.

"పంపకాల్లో అటకలో చెత్తంతా మీ వాటాకే కదా వచ్చింది!"

"మా వాటావైతే మీ కిటికీ మీద పెంటెందుకు వేస్తాయి? చుట్టరికానికొచ్చాయా?"

"ఇదిగో, చెప్తున్నా! మూడు సాయంత్రాలన్నారు, ఊరుకున్నాం. ఇవాళ్టితో తేలకపోతే రేపు పొద్దున్నే మా వైపు నుంచి పొగ పెట్టిస్తా. చచ్చేవి చస్తాయి, మిగిలినవి మీ వైపు వస్తాయి!"

చిన్నకోడలు బిడ్డను గట్టిగా పొదువుకుంది. "నిజంగా వస్తాయా?" అని మెల్లగా అడిగింది.

వస్తాయని ఆవిడకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో, పని చేతకాని రోజుల్లో, మేస్త్రీ తనూ ఒక ఇంటి సందును మిట్టమధ్యాహ్నం పూడ్చేసి, చేతులు దులుపుకుని, నవ్వుకుంటూ ఇంటికెళ్ళారు. లోపల చిక్కుకున్న నలభై గబ్బిలాలూ పైకప్పు సందుల్లోంచి ఆ ఇంటి వంటగదిలోకి దిగాయి. అప్పటి నుంచి వాళ్ళకొక నియమం ఏర్పడింది. చెరోవైపు కూర్చుని పొద్దుగూకే వేళ బయటికెళ్ళేవాటిని లెక్కపెట్టాలి. రెండు సాయంత్రాలు వరసగా ఒకే లెక్క రావాలి. అప్పుడే మూయాలి.

"ఇవాళ తేలుతుందిలే," అని ఆవిడ డబ్బా పట్టుకుని బయటికెళ్ళింది. నిచ్చెనెక్కి గబ్బిలాన్ని సందులోకి వదిలింది. సాయంత్రం లెక్కలో అదీ రావాలి.

మధ్యాహ్నం ఆవిడా మేస్త్రీ వీధిగోడ నీడలో టీ తాగారు. ఎప్పుడూ ఒకటే గ్లాసు. మేస్త్రి సగం తాగి, అంచు తుడిచి ఆవిడకిస్తాడు. తుడవకపోయినా ఫర్వాలేదని ముప్పై ఏళ్ళలో ఆవిడ ఒక్కసారీ చెప్పలేదు. బిస్కెట్ విరిచి పెద్దముక్క ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని కొరుకుతూనే మొదలుపెట్టింది.

"మొన్న అరవై రెండు. నిన్న అరవై మూడు. ఒక్క పూటలోనే ఏ గబ్బిలం నీళ్ళోసుకుని కనేసిందయ్యా?"

"మొన్న నువ్వు తొందరపెట్టి లేపేశావే. అది రావడం నేను చూళ్ళేదు. నిన్న కూర్చున్నాను, చూశాను."

"ఏది రావడం?"

"ముసలిది. అన్నీ వెళ్ళిపోయాక అది సందులోంచి తొంగి చూస్తుంది. కాసేపు ఆలోచిస్తుంది. అప్పుడొస్తుంది."

"నీలాంటిదన్నమాట."

మేస్త్రి నవ్వలేదు.

"నిన్న నువ్వు కునుకు తీశావు. లెక్క తప్పింది. ఒప్పుకోలేక ఒక ముసలిదాన్ని పుట్టించావు. నీ అబద్ధం వల్ల రేపు వీళ్ళు పొగ పెడతారు, ఆ పసిపిల్ల మీద పడతాయి. అరవై రెండే. నాతో పందెం."

మామూలుగా అయితే నీ కళ్ళకు కాకీ గబ్బిలమూ ఒకటేనంటాడు. లేదంటే నీ తల్లి కూడా ఇలాగే వాగేదంటాడు. ఇవాళ గ్లాసు కింద పెట్టి, "వల నువ్వు కట్టు. నిచ్చెన ఎక్కలేను," అన్నాడు. ఆయన అలిగాడనుకుంది ఆవిడ. ఎక్కి, సణుక్కుంటూ రెండు వైపులా సందుల పైన వలలను చాపల్లా చుట్టి కట్టింది. కింద వేలాడే తాడు లాగితే వల జారి సందును మూసేస్తుంది. మర్నాడు పొద్దున సున్నం, ఇటుకముక్కలు.

సాయంత్రం ఆవిడ చిన్నకోడలి పెరట్లో బకెట్ బోర్లించుకుని కూర్చుంది. గోడ అవతల, పెద్దకోడలి వైపు, మేస్త్రి ముక్కాలి పీట వేసుకుని ఉంటాడు. ఒళ్ళో గుండీలు, కాళ్ళ దగ్గర రేకు డబ్బా. గబ్బిలం ఎగిరినప్పుడల్లా ఒక గుండీ డబ్బాలో వేస్తాడు. ఆవిడకవేమీ అక్కర్లేదు, బుర్రుంది. ఆ గుండీలు మాత్రం ఆవిడవే. ఆయన చిరిగిన చొక్కాలు పారేసేముందు కోసి దాచింది. అన్నీ తెల్లవి, ఒక్కటి ఎర్రది. పెళ్ళయిన మొదటి నెలలో చొక్కా గుండీ ఊడిపోతే, చేతికందిన ఎర్రది తెల్లదారంతో కుట్టేసింది. మేస్త్రి ఆ రోజంతా దాన్నే ఊరందరికీ చూపిస్తూ ఛాతీ విరుచుకుని తిరిగాడు. లెక్కలో ఎర్రదాన్ని ఎప్పుడూ ఆఖరుకు ఉంచుకుంటాడు.

వెలుతురు బూడిదరంగుకు తిరిగింది. మొదటి గబ్బిలం చూరు నుంచి రాయిలా జారి, నేలకు తగలబోతూ లేచి ఎగిరిపోయింది. ఒకటి. తర్వాత రెండు, మూడు కలిసి. చిన్నకోడలు తాడు కొస పట్టుకుని నిలబడింది. ఇరవై. ముప్పై. ముప్పై ఆరు. ఆ తర్వాత చాలాసేపు ఏదీ రాలేదు.

"ముప్పై ఆరు!" ఆవిడ ఇంటి కప్పు మీదుగా అరిచింది.

ఇప్పుడు అవతల నుంచి అంకె రావాలి, దాని వెనకే ఒక తిట్టు రావాలి. ఏమీ రాలేదు.

"ఏమయ్యా! ముప్పై ఆరు! చెవుడు కూడా వచ్చిందా?"

జవాబు పెద్దకోడలిచ్చింది. "మీ ఆయన నిద్రపోతున్నాడమ్మా! మూడు సాయంత్రాలుగా చేసిన రాచకార్యం ఇదే కాబోలు!"

"నే వచ్చేదాకా తాడు లాగకు," అని చిన్నకోడలికి చెప్పి, ఆవిడ వీధిలోంచి చుట్టూ తిరిగి వెళ్ళింది. దారి పొడవునా అనబోయే మాటలు పేర్చుకుంది. కునుకు సంగతి. పందెం సంగతి. గేటు తీసేసరికి ఆరేడు మాటలు నోటిదాకా వచ్చి ఉన్నాయి.

మేస్త్రి గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. గడ్డం ఛాతీ మీదకు వాలి ఉంది. నిద్రపోతే ఆయన గురక వీధి చివరికి వినిపిస్తుంది. ఇప్పుడు వినిపించడం లేదు. ఆవిడ మెడ మీద చెయ్యి పెట్టింది. ముక్కు దగ్గర వేళ్ళు పెట్టింది. అలాగే చాలాసేపు ఉంచింది. తర్వాత చొక్కా కాలరు సర్దింది.

"లేపు, తాడు లాగు," అంది పెద్దకోడలు మెట్ల మీద నుంచి.

"ఉండండి."

ఆవిడ డబ్బా దగ్గర గొంతుక్కూర్చుని గుండీలు లెక్కపెట్టింది. ఇరవై ఆరు. మొత్తం అరవై రెండు. పందెం ఆవిడే గెలిచింది.

"ఎంత?"

"అరవై రెండు."

"మొన్న వచ్చిందే కదా! ఇంకేం, మూసెయ్!"

ఆవిడ ఆయన ఒళ్ళో వెతికింది. మిగిలినవన్నీ తెల్లవే. ఎర్రది లేదు. కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉంది.

"వినపడలేదా? తాడు లాగమన్నాను. దోమలు కుడుతున్నాయి."

"కాసేపు నోరు ముయ్యండి," అంది ఆవిడ. ఇంటివాళ్ళతో ఆ మాట ఎన్నడూ అనలేదు. పెద్దకోడలు నిజంగానే నోరు మూసింది.

ఆవిడ ఆయన మోకాలికి భుజం ఆనించి నేలమీద చతికిలబడింది. తల పైకెత్తి సందును చూసింది. అక్కడ చీకటి తప్ప ఏమీ లేదు. ఓడిపోవాలని ఆవిడ ఇంతగా ఎప్పుడూ కోరుకోలేదు. రావే, అనుకుంది. ముదనష్టపుదానా, కంపుదానా, రావే. గోడ అవతల బిడ్డ ఏడ్చి ఊరుకుంది. పక్కన మోకాలు ఇంకా వెచ్చగానే ఉంది.

సందులోంచి చిన్న ముక్కు బయటికొచ్చింది. అటూ ఇటూ కదిలింది. లోపలికెళ్ళింది. మళ్ళీ వచ్చింది. నిజంగా ఆలోచిస్తున్నట్టే, చూరు అంచున కాసేపు వేలాడి, తర్వాత జారి, నేల మీదుగా బరువుగా లేచి వెళ్ళిపోయింది. దాని రెక్కకు ఒక చిరుగు ఉంది.

"వచ్చింది," అంది ఆవిడ. పెద్దకోడలితో కాదు.

ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పి, గుండీ తీసి డబ్బాలో వేసింది. లేచి ఇటువైపు తాడు లాగింది. కప్పు మీదుగా, "అరవై మూడు! లాగెయ్యమ్మా!" అని అరిచింది. అవతల వల జారిన చప్పుడైంది.

"ఇక ఆయన్ని లేపు, తల్లీ. మెడ పట్టేస్తుంది," అంటూ మెట్లు దిగి దగ్గరికొచ్చిన పెద్దకోడలు అక్కడే ఆగిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నలుగురు మనుషులొచ్చి ఆయన్ని తీసుకెళ్ళారు. ఆవిడ వాళ్ళ వెనకే వెళ్ళింది. వల కింద ముక్కాలి పీట, దాని పక్కన రేకు డబ్బా మిగిలాయి. డబ్బాలో ఇరవై ఆరు తెల్లవాటి మీద ఒక ఎర్ర గుండీ, దాని రంధ్రాల్లో ఇంకా ఊడని తెల్లదారం.