అందించని మాట

నాన్న నాటకశాలలో రాణి వేషం ఎప్పుడూ పెద్దదానిదే. ఈసారి అది చెల్లెలికి పోయింది. పెద్దదానికి తెర పక్కన నిలబడి, మరిచిపోయిన మాటలు అందించే పని మిగిలింది.

నాటకంలో రాణి కొడుకు శవం దగ్గర చెల్లెలు మాట మరిచిపోయి అక్క వైపు చూసింది. మాట అక్క నాలుక చివరే ఉంది. నలుగురిలో నవ్వులపాలైతే గానీ దీనికి బుద్ధి రాదనుకుని పెదవులు బిగించింది. చెల్లెలి గడ్డం వణికింది, కళ్ల నీళ్లు జారాయి. హాల్లో ఒక్కరూ దగ్గలేదు. ఆ తర్వాత చప్పట్లే చప్పట్లు.

తెర పడగానే నాన్న చిన్నదాన్ని దగ్గరికి తీసుకున్నాడు. "ఏడుపంటే అదీ! ఇంక మాటెందుకే తల్లీ అక్కడ?"

చిన్నది అక్క చెవిలో, "ప్రాణం పోయిందనుకో! కావాలనే ఆగావు కదూ? రేపూ అంతసేపే ఆగవే అక్కా" అంది.

అక్క తలూపింది. రేపు మాత్రం చెల్లెలు తన వైపు చూడకముందే మాట అందించెయ్యాలనుకుంది.